మీ స్టాపర్ వెళ్తే నువ్వు ఎక్కడుండాలి?

ప్రశ్న: సార్, నాకు 19 ఏళ్లు. విశాఖపట్నంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. స్కూల్ నుంచీ ఫుట్‌బాల్‌లో రైట్ వింగ్‌లో, అంటే ముందు వరుసలో కుడి అంచున, ఆడేవాణ్ని. ఈ ఏడాది కొత్త కోచ్ వచ్చి నన్ను రైట్ బ్యాక్‌లో, అంటే డిఫెన్స్‌లో కుడివైపు, పెట్టారు. మ్యాచ్‌కి ముందు ఆయన బోర్డు మీద అంతా గీసి చెప్తారు. అక్కడ నాకు అన్నీ అర్థమవుతాయి. గ్రౌండ్‌లోకి దిగాక మాత్రం ఏదీ గుర్తుండదు. పోయిన నెల సెమీఫైనల్లో వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ బంతి కోసం వెనక్కి, మిడ్‌ఫీల్డ్‌లోకి వెళ్లాడు. మా స్టాపర్ (గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్) వాడి వెంట వెళ్లాడు. నేను వాళ్ల వింగర్‌ని చూసుకుంటూ టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపే ఉండిపోయాను. మధ్యలో ఖాళీ అయిన చోటికి ఆ వింగరే పరుగెత్తి గోల్ కొట్టాడు. 1-0తో ఓడిపోయాం. అందరి ముందూ కోచ్ "నీకు టాక్టికల్ సెన్స్ లేదు" అన్నారు. అప్పటి నుంచి రోజూ రెండు గంటలు యూట్యూబ్‌లో టాక్టిక్స్ వీడియోలు చూస్తున్నాను. ఎంత చూస్తే అంత అయోమయం. బంతి వచ్చేసరికి ఆలోచిస్తూ నిలబడిపోతున్నాను. పెద్ద ప్లేయర్లకు ఇవన్నీ ఆట మధ్యలో ఎలా తడతాయి? ఇది పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా? (పేరు వెయ్యొద్దు సార్.)

సమాధానం: తమ్ముడూ, ఆ గోల్‌ని నువ్వు నాలుగైదు వాక్యాల్లో చెప్పావు. ఎవరు ఎటు వెళ్లారు, ఖాళీ ఎక్కడ పుట్టింది, అందులోకి ఎవరు వచ్చారు, అన్నీ ఉన్నాయి. ఇలా చెప్పగలిగినవాడికి ఆట అర్థం కాలేదంటే నేను ఒప్పుకోను. గోల్ పడ్డాక "బ్యాడ్ లక్ సార్" అని ఊరుకునే కుర్రాళ్లను చాలామందిని చూశాను. నీకు అర్థమైంది. కాకపోతే గోల్ పడ్డాక అర్థమైంది. దాన్ని రెండు సెకన్లు ముందుకు జరుపుకోవాలి. నీ కష్టం అంతవరకే.

ముందు ఆ గోల్ సంగతే చూద్దాం. ఫార్వర్డ్ అలా వెనక్కి వెళ్లినప్పుడు డిఫెన్స్‌కి రెండు దారులున్నాయి. స్టాపర్ తన చోటు వదలకుండా ఉండి, ఆ ఫార్వర్డ్‌ని మిడ్‌ఫీల్డర్‌కి అప్పగించడం ఒకటి. స్టాపర్ వాడి వెంట వెళ్లడం, అతను ఖాళీ చేసిన చోటికి సైడ్ బ్యాక్ (ఇక్కడ నువ్వు) లోపలికి జరగడం, రెండో స్టాపర్ కూడా ఓ నాలుగడుగులు ఇటు రావడం ఇంకొకటి. రెండూ సరైన దారులే. పెద్ద పెద్ద జట్లు రెండూ వాడతాయి. ఆ రోజు మీ స్టాపర్ రెండో దారి పట్టాడు, నువ్వు మొదటి దారిలో ఉండిపోయావు. విడివిడిగా చూస్తే ఇద్దరూ చేసింది తప్పు కాదు. కలిపి చూస్తే పది గజాల ఖాళీ, గోల్.

నువ్వు క్రికెట్ కూడా ఆడే ఉంటావు. ఇద్దరు బ్యాట్స్‌మన్లలో ఒకడు పరుగుకి బయల్దేరి, రెండోవాడు క్రీజులోనే నిలబడిపోతే ఏమవుతుంది? పరుగు ఉందా లేదా అన్నది తర్వాతి మాట. ఇద్దరూ పరుగెత్తితే బతికేవాళ్లు, ఇద్దరూ ఆగితే బతికేవాళ్లు. చెరో నిర్ణయం తీసుకున్నారు కాబట్టి ఒకడు రనౌట్. మీ సెమీఫైనల్లో జరిగింది అచ్చంగా ఇదే.

ఇది నీలాంటి కొత్త రైట్ బ్యాక్‌కే జరుగుతుందనుకోకు. 2009 మే 2న మాడ్రిడ్‌లో, రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో, బార్సిలోనాతో మ్యాచ్. అప్పటిదాకా కుడివైపు ఆడే మెస్సీని బార్సిలోనా కోచ్ గార్డియోలా మధ్యలోకి తెచ్చాడు. సెంటర్ ఫార్వర్డ్ చోటు మెస్సీది, కానీ అతను ఆ చోట నిలబడడు, మిడ్‌ఫీల్డ్‌లోకి జారిపోతాడు. రియల్ స్టాపర్లు ఇద్దరు: జర్మనీ ఆటగాడు మెట్సెల్డర్, ఇటలీ ఆటగాడు కన్నవారో. కన్నవారో అంటే 2006లో ఇటలీకి కెప్టెన్‌గా ప్రపంచ కప్ గెలిచినవాడు, అదే ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నవాడు. డిఫెన్స్ గురించి అతనికి తెలియనిది ఉంటుందా? అయినా ఆ రోజు తామిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నామని, మెస్సీ వెంట మిడ్‌ఫీల్డ్‌లోకి వెళ్లాలో వెనకే ఉండాలో తేల్చుకోలేకపోయామని మెట్సెల్డర్ తర్వాత చెప్పాడు. బార్సిలోనా 6-2తో గెలిచింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1953 నవంబర్ 25, వెంబ్లీ. హంగరీ 9వ నంబర్ హిదెకుటి సెంటర్ ఫార్వర్డ్ చొక్కా వేసుకుని, మిడ్‌ఫీల్డ్ దగ్గర తిరుగుతూ ఆడాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో సెంటర్ హాఫ్ (మనం స్టాపర్ అనేవాడు) పని ఎదుటి 9వ నంబర్‌ని పట్టుకోవడం. హ్యారీ జాన్‌స్టన్ అనే ఆ సెంటర్ హాఫ్‌కి, వాడి వెంట వెళ్తే వెనక గుంట పడుతుంది, వెళ్లకపోతే వాడు స్వేచ్ఛగా ఆడుకుంటాడు. హిదెకుటి మూడు గోల్స్ కొట్టాడు. 6-3తో ఇంగ్లండ్ తమ గడ్డ మీదే ఓడింది.

వెంబ్లీకీ మాడ్రిడ్‌కీ మధ్య యాభై ఆరేళ్లు. ప్రశ్న మాత్రం అదే: వెళ్లాలా, ఉండాలా? ఆ ముగ్గురు డిఫెండర్లకీ ఆట తెలుసు. ఆ ప్రశ్నకి ఏం చేయాలో పక్కవాళ్లతో ముందే మాట్లాడుకుని ఉండలేదు. ఒక ఆటగాడికి సంబంధించినంతవరకు టాక్టిక్స్ అంటే నేను నమ్మేది ఇదే. కోచ్‌కి అది పదకొండు మంది బొమ్మ కావొచ్చు. నీకు మాత్రం అది నీ పక్కనున్న ముగ్గురితో నీకున్న ఒప్పందం. రైట్ బ్యాక్‌కి ఆ ముగ్గురు ఎవరంటే నీ వైపు స్టాపర్, నీ ముందున్న రైట్ వింగర్, నీకు దగ్గరి మిడ్‌ఫీల్డర్. వెనక నుంచి అరిచే గోల్‌కీపర్‌ని కలుపుకుంటే నలుగురు. మిగిలిన ఆరుగురు ఎక్కడున్నారో తెలుసుకోవాలని ప్రయత్నించావా, నువ్వు ఉత్తరంలో రాసినట్టే బంతి వచ్చేసరికి నిలబడిపోతావు.

ఇక బోర్డు సంగతి. బోర్డు మీద అర్థమైంది గ్రౌండ్‌లో ఎందుకు పోతుందని అడిగావు. బోర్డు మీద ఆటని నువ్వు పైనుంచి, గద్ద చూసినట్టు చూస్తావు. గ్రౌండ్‌లో నీ కళ్లు నేల నుంచి ఐదున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. బోర్డు మీద ఇరవై రెండు బిళ్లలూ ఒకేసారి కనిపిస్తాయి, గ్రౌండ్‌లో సగం మంది నీ వీపు వెనక ఉంటారు. అన్నిటికంటే ముఖ్యం, బోర్డు మీద టైమ్ ఉండదు. కోచ్ బాణం గీసి, వివరించి, ఇంకో బాణం గీసేదాకా ఎదుటి వింగర్ కదలకుండా ఆగుతాడు. మ్యాచ్‌లో ఇరవై మీటర్ల పాస్ నీ దగ్గరికి రావడానికి ఒకటిన్నర, రెండు సెకన్లు పడుతుంది. అంతలో బోర్డుని గుర్తు చేసుకోవడం ఎవరి తరమూ కాదు. పెద్ద ఆటగాళ్లు కూడా గుర్తు చేసుకోరు. వాళ్లు చూస్తారు. వాళ్లకి ఎటు చూడాలో తెలుసు, చూసింది దేనికి గుర్తో తెలుసు.

1987లో ఇటలీ క్లబ్ మిలన్‌కి కోచ్‌గా వచ్చిన అరిగో సాకీ ఆటగాళ్లకు నాలుగు ఆనవాళ్లు చెప్పేవాడు: బంతి, ఖాళీ స్థలం, ఎదుటివాడు, తోటివాడు. మైదానంలో నువ్వు వేసే ప్రతి అడుగూ ఈ నాలుగిటిలో దేన్నో చూసి వేయాలి. సాకీ పెద్ద స్థాయిలో ఆడినవాడు కాదు, కొన్నాళ్లు బూట్ల వ్యాపారంలో ఉన్నవాడు. మొదట్లో అతని మాట మీద ఆటగాళ్లకే అనుమానం. అప్పుడు అతను ఒక పందెం పెట్టాడు. గోల్‌కీపర్, నలుగురు డిఫెండర్లు ఒకవైపు. గుల్లిట్, వాన్ బాస్టెన్ ఉన్న పదిమంది ఇంకోవైపు. పదిహేను నిమిషాల్లో గోల్ కొట్టమన్నాడు. ఒకటే షరతు: బంతి పోగొట్టుకుంటే పదిమందీ మళ్లీ తమ సగంలోంచి మొదలుపెట్టాలి. ఎన్నిసార్లు ఆడించినా ఆ పదిమందీ గోల్ కొట్టలేకపోయారని సాకీ చెప్పాడు. ఆ నలుగురిలో బరేసీ, మల్దీని ఉన్నారు, నిజమే. కానీ ఎదురుగా ఉన్నవాళ్లు కూడా సామాన్యులు కాదు. నలుగురూ ఒకే తాడుకి కట్టినట్టు కదిలారు, అదే తేడా. ఆ జట్టు 1989లో, 1990లో వరుసగా యూరోపియన్ కప్ గెలిచింది.

కబడ్డీ చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. కార్నర్‌లో ఉన్నవాడు రైడర్ కాలు పట్టగానే కవర్ ఆ క్షణంలోనే మీద పడాలి. అర సెకను ఆలస్యమైతే రైడర్ ఇద్దర్నీ లాక్కుని గీత దాటుతాడు. కార్నర్ ఎప్పుడు పడతాడో కవర్‌కి ఎలా తెలుస్తుంది? కలిసి ఆడీ ఆడీ, కార్నర్ భుజం వంగిన తీరు చూసి తెలుస్తుంది. మీ స్టాపర్ ముందుకు కదలబోయే ముందు అతని ఒళ్లు ఏం చెప్తుందో నువ్వు ఎప్పుడైనా గమనించావా? రేపటి నుంచి గమనించు. బరువు ముందు కాలి మీదకి వేస్తాడా, చెయ్యి ఎత్తుతాడా, అరుస్తాడా? అది నీకు ఏ వీడియోలోనూ దొరకదు.

ఇప్పుడు ఆ రెండు సెకన్లను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్తాను. 90 నిమిషాల ఆటలో ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా నీ పని చూడడమే. నార్వేకి చెందిన గైర్ యోర్డెట్ అనే పరిశోధకుడు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలు దగ్గరగా చూసి, బంతి అందుకునే ముందు ఎవరు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూస్తున్నారో లెక్కపెట్టాడు. ఎక్కువగా చూసినవాళ్ల పాస్‌లు ఎక్కువగా తోటివాళ్లకు చేరాయి. అందరికంటే ఎక్కువగా చూసినవాళ్లలో ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ ఫ్రాంక్ ల్యాంపార్డ్ ఒకడు.

సైడ్ బ్యాక్‌కి ఇందులో ఒక వరం, ఒక శాపం ఉన్నాయి. టచ్‌లైన్ నీకు ఒక పక్క గోడలాంటిది, అటు నుంచి ఎవరూ రారు. అది వరం. బంతి అవతలి అంచున, ఎడమవైపు ఉన్నప్పుడు మాత్రం నీ కళ్లన్నీ అటే లాగుతాయి, నువ్వు కాయాల్సిన ఎదుటి వింగర్ నీ వీపు వెనక చేరతాడు. అది శాపం. అందుకని బంతి అవతల ఉన్నప్పుడు మైదానానికి అడ్డంగా, అరగా తిరిగి నిలబడు. ఒక భుజం బంతి వైపు, ఇంకో భుజం ఆ వింగర్ వైపు ఉండాలి. మెడ కొంచెం తిప్పితే ఇద్దరూ కనిపించాలి. ఛాతీ నేరుగా బంతికి ఎదురుగా ఉందంటే నీ వెనక ఏం జరుగుతుందో నీకు తెలియదని అర్థం.

ఎప్పుడు చూడాలన్నది కూడా ముఖ్యమే. అవతలివాడు పాస్ కొట్టాక బంతి దొర్లుతూ ఉంటుంది చూడు, అప్పుడు చూడు. బంతి దొర్లే ఆ సెకనులో కొత్తగా ఏమీ జరగదు, అది ఎక్కడికి వెళ్తుందో నీకు తెలిసిపోయింది. చాలామంది ఆ సెకను కూడా బంతినే చూస్తూ కూర్చుంటారు. నువ్వు ఆ సెకనులో భుజం మీదుగా ఒక చూపు వెయ్యి. ప్రాక్టీస్‌లో మొదటి వారం ఏ టాక్టిక్సూ వద్దు, ఇదొక్కటే చెయ్యి. ఎవరు ఎవరికి పాస్ ఇచ్చినా, బంతి కదలగానే నీ చూపు వెనక్కి. వారం రోజులు విసుగ్గా ఉంటుంది. రెండో వారానికి మెడ దానంతట అదే తిరుగుతుంది.

చూసింది దేనికి గుర్తో కూడా తెలియాలన్నాను కదా. డిఫెన్స్ లైన్‌కి (నలుగురు డిఫెండర్ల వరుసకి) అన్నిటికంటే పెద్ద గుర్తు ఒకటుంది. నాకు దీన్ని నేర్పింది ఏ కోచ్చో కాదు, నేను జిల్లా టోర్నమెంట్లలో స్టాపర్‌గా ఆడే రోజుల్లో మా జట్టు గోల్‌కీపర్. ఆయన అప్పటికే నలభైకి దగ్గరపడ్డారు. ఒక మ్యాచ్‌లో నేను పదే పదే ముందుకు ఉరికి, నా వెనక బంతి వేయించుకుంటున్నాను. హాఫ్ టైమ్‌లో ఆయన నన్ను తిట్టలేదు. "బంతి ఉన్నవాడి తల చూడు తమ్ముడూ. తల పైకి ఉంటే వెనక్కి రా. తల కిందికి ఉంటే ముందుకు వెళ్లు" అన్నారు. అంతే చెప్పారు. నేను ఆ తర్వాత చదివిన, విన్న డిఫెన్స్ పాఠాల్లో సగం ఆ మాటలోనే ఉన్నాయి.

బంతి ఉన్నవాడి మీద ఒత్తిడి లేదు, వాడు తల ఎత్తి తీరిగ్గా చూస్తున్నాడు అంటే, మీ వెనకకి పొడుగు పాస్ వేయగలడు. అప్పుడు లైన్ నాలుగడుగులు వెనక్కి తగ్గాలి, ముందుకు పోకూడదు. వాడి మీద మీవాడు ఎక్కేశాడు, వాడు తల దించి బంతిని చూసుకుంటున్నాడు, లేదా వాడి వీపు మీ గోల్ వైపు ఉంది, లేదా వాడు వెనక్కి పాస్ ఇచ్చాడు, లేదా మొదటి టచ్ పాడు చేసుకున్నాడు అంటే, వాడు మీ వెనకకి వేయలేడు. అప్పుడు నలుగురూ కలిసి పైకి జరగాలి. మీ కోచ్ "ప్రెస్" అని, "లైన్ పట్టండి" అని అరిచేది ఎక్కువగా ఈ గుర్తులు చూసే. ఆయన అరుపు నీ చెవిన పడేసరికి ఆలస్యమైపోతుంది. ఆయన చూసినదాన్నే నువ్వు చూడాలి.

దీన్ని ఇప్పుడు మీ గోల్‌కి పెట్టి చూడు. వాళ్ల ఫార్వర్డ్ వెనక్కి వెళ్లినప్పుడు, అతనికి పాస్ ఇవ్వబోయేవాడి తల పైకి ఉందా? మీవాళ్లెవరైనా వాడి మీద ఉన్నారా? ఎవరూ లేకపోతే మీ స్టాపర్ అసలు వెళ్లకుండా ఉండాల్సింది. ఉంటే వెళ్లడం సరే, కానీ నువ్వు లోపలికి జరగాలి. అలా జరిగితే నేను కాసే వింగర్ బయట ఖాళీగా ఉండిపోతాడు కదా అంటావు. ఉండనీ. టచ్‌లైన్ దగ్గర ఖాళీగా ఉన్నవాడు మీ గోల్‌కి ముప్పై మీటర్ల దూరంలో ఉన్నాడు. వాడికి బంతి చేరేలోపు నీకు మళ్లీ బయటికి వెళ్లే టైమ్ ఉంటుంది. మధ్యలో ఖాళీ అలా కాదు, అక్కడ బంతి పడితే వెనక గోల్‌కీపర్ ఒక్కడే. ముందు మధ్య మూసెయ్, తర్వాత పక్కకి వెళ్లు. వింగర్‌గా పెరిగినవాళ్లు సైడ్ బ్యాక్‌లోకి వచ్చినప్పుడు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే ఇన్నాళ్లూ టచ్‌లైనే వాళ్ల ఇల్లు.

ఇది పుట్టుకతో రావాలా అన్నావు. కొందరికి త్వరగా కనిపిస్తుంది, అది నిజం, దాన్ని దాచను. కానీ నేర్పితే వస్తుందని నమ్మి, నేర్పి చూపించినవారు మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు. బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టు కోచ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ టోర్నమెంట్ గెలిచింది ఆయన చేతుల్లోనే. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనివే. మన పిల్లలకి ఈ పేరు తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఆయన నేర్పిన తీరు చూడు. డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపిస్తూ తీసుకెళ్లడం) చేయకూడదన్న షరతుతో టోర్నమెంట్లు ఆడించేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో ఇంకొన్ని. డ్రిబ్లింగ్ లేదంటే ఏమవుతుందో ఆలోచించు. బంతి వచ్చాక చుట్టూ చూసుకునే తీరిక ఉండదు. రాకముందే ఎవరికివ్వాలో చూసి ఉండాలి. తోటివాడు కూడా నీకు కనిపించే చోటికి ముందే వచ్చి ఉండాలి. "తల తిప్పి చూడండి" అని వందసార్లు ఉపన్యాసం ఇవ్వకుండా, చూడక తప్పని ఆట పెట్టారు. ఆలోచన ఆటలోంచే పుట్టింది. నువ్వు కూడా మీ వాళ్లతో సాయంత్రం నలుగురికి నలుగురు ఆడేటప్పుడు రెండు టచ్‌ల షరతు (ఒక్కొక్కరూ బంతిని రెండుసార్లే తాకాలని) పెట్టుకో. పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది.

జకార్తాలో ఇంకొకటి జరిగింది. జర్నైల్ సింగ్ మన జట్టు స్టాపర్. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు అతణ్ని కూర్చోబెట్టకుండా సెమీఫైనల్లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. జర్నైల్ రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఒక స్టాపర్ ఫార్వర్డ్‌గా ఎలా పనికొచ్చాడు? అతను అంతకుముందు ఫార్వర్డ్‌గా ఆడినవాడు, పైగా స్టాపర్లకి ఏం కష్టంగా ఉంటుందో తెలిసినవాడు. నీ సంగతి దీనికి తిరగేసి ఉంది. నువ్వు వింగర్‌వి. వింగర్ ఎప్పుడు లోపలికి దూరాలనుకుంటాడో, బ్యాక్ ఎటు చూస్తున్నప్పుడు పరుగు మొదలుపెడతాడో నీకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ సెమీఫైనల్లో వాళ్ల వింగర్ చోట నువ్వుంటే ఏం చేసేవాడివి? అదే చేశాడు వాడు. నీకు ఎదురైన వింగర్‌ని చూసినప్పుడల్లా "నేనైతే ఇప్పుడు ఎటు పరుగెత్తేవాణ్ని?" అని నిన్ను నువ్వే అడుగు. మీ కోచ్ నిన్ను వెనక్కి పెట్టింది ఇది ఊహించే అయ్యుండొచ్చు. ఫిలిప్ లామ్ రైట్ బ్యాక్‌గా పేరు తెచ్చుకున్నాక గార్డియోలా అతణ్ని 2013లో మిడ్‌ఫీల్డ్‌కి మార్చాడు. 2014 ప్రపంచ కప్‌లో జర్మనీ తరఫున మిడ్‌ఫీల్డర్‌గా మొదలుపెట్టి, క్వార్టర్ ఫైనల్ నుంచి మళ్లీ రైట్ బ్యాక్‌లో ఆడి, కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు. చోటు మారితే అతనికి ఆట కొత్త కాలేదు.

వీడియోల గురించి ఒక మాట. రోజుకి రెండు గంటలు ఆపెయ్. ఆ వీడియోల్లో చెప్పేది అబద్ధం అనను, కొందరు చాలా శ్రద్ధగా చేస్తారు. కానీ అవి కోచ్‌ల కోసం, ఆటని పైనుంచి చూసేవాళ్ల కోసం చేసినవి. అందులో నీ పాత్ర ఒక బాణం. దానికి బదులు వారానికి ఒక మ్యాచ్ పెట్టుకుని, పదిహేను నిమిషాలు రైట్ బ్యాక్‌ని మాత్రమే చూడు, బంతిని వదిలెయ్. టీవీలో అతను చాలాసేపు కనిపించడు, కెమెరా బంతి వెంట పోతుంది. అందుకే నేరుగా చూడడం మేలు. మీ ఊళ్లో ఏ లీగ్ మ్యాచ్ జరిగినా వెళ్లి గోల్ వెనక నిలబడు. సైడ్ నుంచి చూస్తే ఎవరు ఎంత ముందున్నారో తెలుస్తుంది. గోల్ వెనక నుంచి చూస్తేనే ఇద్దరి మధ్య ఖాళీ తెలుస్తుంది. నీకు కావాల్సింది ఆ ఖాళీయే.

మీ కోచ్ అన్న మాటకి వస్తాను. అందరి ముందూ అలా అనడం నాకు నచ్చలేదు. ఓడిన కోపంలో అని ఉంటారు. కానీ "సెన్స్ లేదు" అన్న మాటతో నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. అందుకని నువ్వే ఆయన దగ్గరికి వెళ్లు. ప్రాక్టీస్ అయిపోయి, ఆయన బంతులు సంచిలో వేసుకుంటున్నప్పుడు వెళ్లు. నలుగురి ముందు అడగకు, ఎదురు చెప్తున్నట్టు ఉంటుంది. "సార్, ఆ రోజు తప్పు నాకు అర్థమైంది. వాళ్ల 9 వెనక్కి వెళ్తే మన స్టాపర్ వెళ్లాలా, ఉండాలా? వెళ్తే నన్ను లోపలికి రమ్మంటారా?" అని అడుగు. ఇంతకంటే పొడుగ్గా వద్దు. ఈ ప్రశ్న విన్న ఏ కోచ్ అయినా సంచి పక్కన పెడతాడు. ఆయన ఏది చెప్తే అది చెయ్యి. నీకు ఇంకో దారి బాగుందనిపించినా సరే, అందరూ ఒకే దారిలో ఉండడం ముఖ్యం.

ఇలా పద్ధతికి కట్టుబడితే నా ఆట ఏమైపోతుందన్న భయం వింగర్‌గా ఆడినవాడివి నీకు ఉండే ఉంటుంది. బార్సిలోనాలో గార్డియోలా కింద ఆడిన థియరీ హెన్రీ ఒక టీవీ చర్చలో గార్డియోలా పద్ధతి వివరిస్తూ, మైదానం చివరి మూడో వంతు దాకా బంతిని తీసుకురావడం జట్టు పద్ధతి పని, అక్కడి నుంచి మీ ఇష్టం అని తమకి చెప్పేవాడన్నాడు. నువ్వు బంతితో పైకి వెళ్లినప్పుడు నీ పాత ఆటంతా ఆడు. నిన్ను అక్కడ ఎవరూ ఆపరు. కాకపోతే వెళ్లే ముందు నీ మిడ్‌ఫీల్డర్ నీ చోటు చూసుకుంటున్నాడో లేదో ఒక చూపు.

ఇంకొకటి, ఇదే మొదట చెయ్యాల్సింది. మీ స్టాపర్‌తో కూర్చో. ఆ గోల్ తర్వాత మీ ఇద్దరూ దాని గురించి మాట్లాడుకున్నారో లేదో నువ్వు రాయలేదు. మాట్లాడుకుని ఉండరు, ఒకరిమీద ఒకరికి కొంచెం కోపం కూడా ఉండొచ్చు. టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లు. బెంచీ మీద నాలుగు సోడా మూతలు పెట్టుకోండి: నువ్వు, అతను, వాళ్ల 9, వాళ్ల వింగర్. 9ని వెనక్కి జరిపి, ఇప్పుడు ఏం చేద్దాం అని అడుగు. తర్వాత ఒక్క మాట కుదుర్చుకోండి. అతను వెళ్లేటప్పుడు అరిచే మాట, నీకు మాత్రమే అర్థమైతే చాలు. "పోతున్నా" అన్నా చాలు, నీ పేరు అన్నా చాలు. రెండు అక్షరాలు దాటకపోతే ఇంకా మంచిది, ఊపిరాడనప్పుడు పొడుగు మాట నోట్లోంచి రాదు. ఆ మాట వినపడగానే నీ కాళ్లు లోపలికి. అతను అరవకపోతే నువ్వు కదలవు. తర్వాత రోజు ప్రాక్టీస్‌లో మీ ఫార్వర్డ్‌ని బతిమాలి, ఇరవైసార్లు వెనక్కి జారమనండి. ఇరవైసార్లూ ఆ మాట అరవండి. గొంతు పోతే పోనీ.

తర్వాతి మ్యాచ్ అయ్యాక మళ్లీ రాయి. గెలిచారా ఓడారా అన్నది తర్వాత, ముందు మీరిద్దరూ ఏ మాట కుదుర్చుకున్నారో, అది ఎన్నిసార్లు వినపడిందో రాయి.